పాత అంబాసిడర్ ఇంజన్ మళ్ళీ బిగించేటప్పుడు నూనె కారకుండా ఉండాలంటే

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాన్నగారి 1972 మార్క్ 2 అంబాసిడర్. ఆర్నెల్ల కిందట రింగులు, బేరింగులు మార్పించారు. అప్పటి నుంచి మధురవాడలో మీ ఇంటి ముందు నేలంతా నూనె మరకలే. ముందు పుల్లీ దగ్గర, ఛాంబర్ (ఇంజన్ అడుగున నూనె ఉండే రేకు తొట్టి) చుట్టూ, వెనక క్లచ్ హౌసింగ్ కింద, మూడు చోట్లా కారుతోంది. రెండుసార్లు ప్యాకింగులు (రెండు భాగాల మధ్య నూనె కారకుండా పెట్టే గ్యాస్కెట్లు) మార్చి, సిలికాన్ గమ్ము దండిగా పూసినా ఆగలేదు. ఇప్పుడు ఇంజన్ మళ్ళీ దింపారు, ఈసారి దగ్గరుండి మీరే బిగించుకుంటారు, అందుకు ఏ గమ్ము మంచిదో చెప్పమన్నారు.

గమ్ము సంగతి చెబుతాను, కానీ అది ఆఖర్న. గాజువాక ఆటోనగర్లో ముప్ఫై ఏళ్ళుగా ఈ ఇంజన్లే విప్పి బిగిస్తున్నాను. కారుతోందని నా దగ్గరికి వచ్చిన బండ్లలో గమ్ము తక్కువై కారినది ఒక్కటీ గుర్తు లేదు. ప్యాకింగ్ కూర్చునే ముఖం వంకరగా ఉంటుంది, లేకపోతే ఇంజన్ లోపలి గాలికి బయటికి దారి ఉండదు. ఈ రెండూ సరిచేసుకుంటే మామూలు కాగితం ప్యాకింగ్ కూడా నూనెని ఆపుతుంది. వదిలేస్తే ఎంత ఖరీదైన గమ్మైనా నెల తిరిగేసరికి చెమరుస్తుంది.

ముందు గాలి సంగతి. పిస్టన్ రింగుల పక్కనుంచి కొంత గ్యాసు ఎప్పుడూ కిందికి దిగుతూనే ఉంటుంది, కొత్త రింగులకైనా అంతే. అది బయటికి పోవడానికి మీ 1489 సీసీ ఇంజన్‌కి రెండు దారులుంటాయి. పైన ట్యాపెట్ కవర్ నుంచి ఎయిర్ క్లీనర్‌కి వెళ్ళే గొట్టం ఒకటి. పక్కన ట్యాపెట్ ఛాంబర్ కవర్ నుంచి కిందికి దిగే ఇనుప గొట్టం రెండోది. ఆ ఇనుప గొట్టాన్ని చాలామంది చూడనే చూడరు. నలభై యాభై ఏళ్ళ మడ్డి లోపల పేరుకుని, బొగ్గులా గట్టిపడి, ఒక్కోసారి పెన్సిల్ కూడా దూరదు. అప్పుడా గ్యాసు ఎక్కడ సందు దొరికితే అక్కణ్ణుంచి నూనెని తోసుకుని బయటపడుతుంది. మీకు ఒకేసారి మూడు చోట్ల కారుతోందంటే నా మొదటి అనుమానం దీనిమీదే. ఒక్క ప్యాకింగ్ పాడైతే ఒక్కచోటే కారాలి కదా.

ఇంజన్ ఎలాగూ బయట ఉంది కాబట్టి ఆ గొట్టాన్ని విప్పి, కిరసనాయిల్లో ఒక రాత్రి నానబెట్టి, తీగతో పొడిచి, వెలుతురుకి పెట్టి చూడండి. అవతలి వెలుగు గుండ్రంగా కనపడాలి. కవర్ లోపల జాలీ లాంటిదుంటే అదీ కడగండి. నూనె పోసే మూతకి గాలి రంధ్రం ఉన్న రకమైతే అదీ చూసుకోండి. బిగించి స్టార్ట్ చేశాక ఇంకో పరీక్ష ఉంది. స్లోలో నడుస్తుండగా నూనె మూత తీసి, ఆ మూతి మీద ఒక పల్చటి పాలిథిన్ సంచి అదిమి పట్టుకోండి. మెల్లగా ఊగితే ఫరవాలేదు. బుడగలా ఉబ్బి బిగుసుకుందంటే దారి మూసుకుపోయిందన్నా లెక్క, రింగులు సరిగ్గా కూర్చోలేదన్నా లెక్క. రింగులు మార్చిన కొత్తలో కొన్ని వందల కిలోమీటర్ల దాకా గ్యాసు కాస్త ఎక్కువే కొడుతుంది. ఆ తర్వాత తగ్గాలి. ఆర్నెల్లయినా తగ్గలేదంటే మాత్రం బిగించే ముందే సిలిండర్ గోడలు చూడండి. అద్దంలా మెరుస్తుంటే రింగులకు పట్టు దొరకలేదని అర్థం, హోనింగ్, అంటే గోడల మీద సన్నటి గరుకు గీతలు పెట్టించడం, చేయించాలి. ఇది వదిలేసి ప్యాకింగుల మీద ఎంత ఖర్చు పెట్టినా దండగ.

ఇక ముఖాలు. పాత ప్యాకింగ్ గీకడానికి గ్రైండర్‌కి పెట్టే గరుకు బిళ్ళలు వాడనివ్వకండి. పని తొందరగా అవుతుంది గానీ, ఆ పొడి ఇంజన్లోకి దిగి బేరింగుల్ని తినేస్తుంది. పైగా అల్యూమినియం మీద కంటికి కనపడని గుంటలు పడతాయి. పదునైన స్క్రేపర్, ఓపిక, ఈ రెండే చాలు. గీకేముందు రంధ్రాల్లో గుడ్డలు కుక్కండి, ఎన్ని కుక్కారో లెక్క రాసుకోండి. తీసేటప్పుడు ఆ లెక్క సరిపోవాలి.

మన ఊళ్ళో ఇంకో బాధ ఉంది. సముద్రపు గాలికి శుభ్రం చేసిన ఇనుప ముఖం ఒక్క రాత్రిలో ఎర్రబడుతుంది. వానాకాలమైతే చెప్పనే అక్కర్లేదు. అందుకే గీకిన వెంటనే పల్చగా నూనె రాసి గుడ్డ కప్పి ఉంచుతాం. బిగించే రోజు మాత్రం ఆ నూనె పూర్తిగా పోవాలి. పెట్రోల్‌తో తుడిస్తే జిడ్డు పొర మిగులుతుంది. థిన్నర్‌తో రెండుసార్లు, ప్రతిసారీ కొత్త గుడ్డతో తుడవండి. తెల్లగుడ్డ తెల్లగానే వచ్చేదాకా తుడవాలి. దగ్గర్లో బీడీ, సిగరెట్, వెల్డింగ్ ఏదీ ఉండకూడదు.

ఛాంబర్ దగ్గర కాసేపు ఆగుదాం, ఎక్కువ బండ్లు ఇక్కడే చెడతాయి. అది రేకు. ఇన్నేళ్ళలో ఎంతమంది ఎంత బలంగా బిగించారో, ఆ చరిత్రంతా దాని అంచు మీదే ఉంటుంది. బోల్టు రంధ్రం చుట్టూ రేకు పైకి లేచి చిన్న పొక్కులా ఉబ్బుతుంది. అప్పుడు ప్యాకింగ్ రంధ్రాల దగ్గర నలిగిపోతుంది, రెండు రంధ్రాల మధ్యలో వదులుగా ఉండిపోతుంది. నూనె వచ్చేది ఆ మధ్యనుంచే. కారుతోందని ఇంకో చుట్టు బిగిస్తే పొక్కు ఇంకా లేస్తుంది, సందు ఇంకా పెరుగుతుంది. బిగించిన కొద్దీ ఎక్కువ కారుతోందని మీరు రాసిన ముక్కకి కారణం ఇదే అనుకుంటున్నాను.

సరిచేయడం కష్టమేం కాదు. ఛాంబర్‌ని తిరగేసి, అంచు కింద చదునైన ఇనప దిమ్మ ఆనించి, ప్రతి రంధ్రం దగ్గరా గుండు సుత్తితో మెల్లగా కొట్టుకుంటూ పొక్కుని అణచండి. తర్వాత ఒక మందపాటి అద్దం ముక్క తీసుకోండి. మా గురువుగారు సింధూరాన్ని నూనెలో కలిపి అద్దం మీద పల్చగా రాసి, దానిమీద ఛాంబర్ అంచు బోర్లించి కదిపేవారు. ఎర్రరంగు అంటిన చోటు ఎత్తు, అంటని చోటు పల్లం. ఇప్పుడు లేత్ షాపుల్లో నీలం మార్కింగ్ పేస్టు దొరుకుతుంది, అదే వాడండి. సింధూరంలో సీసం ఉంటుంది, చేతికి అంటితే మంచిది కాదు. రంగు అంచు చుట్టూ తెగకుండా ఒకే గీతలా పడేదాకా కొట్టడం, మళ్ళీ బోర్లించి చూడడం, అంతే పని. మొదటిసారి చేసేవాళ్ళకి పూట పడుతుంది. ఈ పూటని ఆదా చేయకండి. పైన ట్యాపెట్ కవర్‌కి, ముందు పుల్లీ వెనక ఉండే టైమింగ్ కవర్‌కి కూడా ఇదే పద్ధతి.

ఛాంబర్ ప్యాకింగ్ ఒకే ముక్క కాదు. రెండు పక్కలా కాగితం ప్యాకింగ్, ముందు వెనక మెయిన్ క్యాపుల (పిస్టన్లు తిప్పే క్రాంక్ షాఫ్టుని పట్టి ఉంచే మూతల) దగ్గర కార్కు ముక్కలు. ఈ రెండు రకాలూ కలిసే నాలుగు మూలలు ఉన్నాయి చూశారా, గమ్ము అవసరమైన చోట్లు అవే. శనగగింజంత బొట్టు ఒక్కో మూలకి. కార్కు ముక్క దాని గాడిలో కూర్చున్నాక కొంచెం పైకి నిలబడి ఉండాలి, అది నలిగితేనే పట్టు. పొట్టిగా ఉంటే, షాపులో ఏళ్ళ తరబడి ఎండి కుదించుకుపోయిందేమో చూడండి. గోరువెచ్చటి నీళ్ళలో కాసేపు వేస్తే మళ్ళీ తన కొలతకి వస్తుంది. నొక్కితే పగిలే కార్కు మాత్రం వద్దు.

బోల్టులు వేళ్ళతో అన్నీ ఎక్కించాక, మధ్యలోంచి మొదలుపెట్టి అటొకటి ఇటొకటిగా, మూడు విడతల్లో బిగించండి. ఛాంబర్ బోల్టుకి 6 ఫుట్ పౌండ్లు, అంటే సుమారు 8 న్యూటన్ మీటర్లు. పైన ట్యాపెట్ కవర్ నట్లకి 4 ఫుట్ పౌండ్లే. చక్రం బోల్టులకి వాడే పెద్ద టార్క్ రెంచ్ ఇంత చిన్న లెక్క సరిగ్గా చూపించదు. చిన్నది దొరక్కపోతే పావు అంగుళం రాచెట్‌ని తలకాయ దగ్గర పట్టుకుని, మణికట్టుతో మాత్రమే తిప్పండి. మోచెయ్యి కదిలిందంటే ఎక్కువైనట్టే. ఇంజన్ ఒకసారి బాగా వేడెక్కి చల్లారాక, తర్వాత 500 కిలోమీటర్లకి, కార్కు అణిగి ఉంటుంది కాబట్టి మళ్ళీ అదే లెక్కకి ఒకసారి చూసుకోండి. ఆపైన ముట్టుకోవద్దు.

ముందు పుల్లీ దగ్గర రెండు విషయాలు. టైమింగ్ కవర్‌లో సీలు కొత్తదే వేసుంటారు, కానీ కవర్ రంధ్రం క్రాంక్‌కి సరిగ్గా మధ్యలో కూర్చుందా? కవర్ బోల్టులన్నీ బిగించేశాక పుల్లీ తోస్తే సీలు ఒకపక్క నలిగి, రెండోపక్క వదులుగా ఉంటుంది. బోల్టులు వదులుగా ఉంచి, సీలు పెదవికి నూనె రాసి, పుల్లీని లోపలికి తోసి, దాంతో కవర్‌ని మధ్యకి తెచ్చుకుని, అప్పుడు బిగించాలి. పొడిగా తోస్తే పెదవి మొదటి నిమిషంలోనే కాలుతుంది. రెండోది, పుల్లీ మెడ మీద గోరుతో గీసి చూడండి. గోరు ఆగిందంటే పాత సీలు అక్కడ గాడి కోసిందన్నమాట. పల్చటి స్టీలు తొడుగు వేయించొచ్చు, లేదా సీలుని కవర్లో ఒకటి రెండు మిల్లీమీటర్లు జరిపి కొత్తచోట ఆనేలా చేయొచ్చు. లేత్ మీద పాలిష్ పట్టించేటప్పుడు మాత్రం ఎమరీ కాగితాన్ని పక్కకి జరపకుండా ఒకేచోట నిలబెట్టి పట్టమనండి. జరిపితే కంటికి కనపడని మర పడుతుంది, అది తిరుగుతూ నూనెని బయటికి తోడుతుంది. పుల్లీని క్రాంక్‌తో కలిపి తిప్పే తాళం ముక్క కూర్చునే గాడిలో కూడా చిటికెడు గమ్ము పెట్టండి, నూనె ఆ గాడి వెంబడి పాకుతుంది. క్రాంక్ మీద ఉండే నూనె విసిరే బిళ్ళ ఏ ముఖం ఎటు ఉందో విప్పేటప్పుడే ఫోటో తీసుకుని ఉంటే మంచిది, తిరగేసి వేసిన బండ్లు చూశాను.

ఇక వెనక. ఇక్కడ మీకు ఒక నిజం తెలియాలి, ఎందుకంటే దీనిమీద జనం అనవసరంగా వేలు తగలేస్తారు. ఈ ఇంజన్ 1950ల నాటి ఇంగ్లండు బీఎంసీ కంపెనీ బీ సిరీస్ డిజైన్. వెనక మెయిన్ దగ్గర ఇప్పటి బండ్లకి ఉన్నట్టు రబ్బరు సీలు లేదు. క్రాంక్ మీదే ఒక మర కోసి ఉంటుంది. క్రాంక్ తిరుగుతున్నప్పుడు ఆ మర, బయటికి పోబోయే నూనెని పట్టుకుని లోపలికి తోస్తుంది. ఎంత అందమైన ఏర్పాటో చూడండి. అరిగే రబ్బరు లేదు, రాపిడి లేదు. కానీ తిరిగినంతసేపే పనిచేస్తుంది. ఇంజన్ ఆపగానే అక్కడ మిగిలిన నాలుగు చుక్కలు కారతాయి. బండి ముక్కు పైకి ఉండేలా వాలులో ఆపితే ఇంకా కారతాయి. మన విశాఖలో వాలు లేని వీధి ఎక్కడుంది? మీ ఇంటి ముందు ఎటు వాలుందో చూసుకుని ముక్కు కిందికి ఉండేలా ఆపండి, చేతి బ్రేకు వేసి, టైరుకి రాయి పెట్టండి.

రాత్రికి ఒకటి రెండు చుక్కలు పడితే దాన్ని రోగం అనుకోవద్దు. అరచెయ్యంత మరక పడుతుంటే మాత్రం మూడు చూడాలి. వెనక మెయిన్ క్యాప్ బ్లాకుకి ఆనే అడ్డముఖాల మీద ఎప్పటికీ గట్టిపడని హైలోమార్ లాంటి జాయింటింగ్ కాంపౌండ్ అతి పల్చగా పూశారా? ఇది చాలామంది మర్చిపోతారు. ఆ సందులోంచి నూనె వస్తే మర ఏం చేయగలదు? పల్చగా అంటే వేలితో పూసి, మళ్ళీ వేలితో తుడిచేశాక మిగిలినంత. మందంగా పూస్తే క్యాప్ ఎత్తుగా కూర్చుని బేరింగ్ కొలతే మారిపోతుంది. రెండోది, ఆ క్యాప్‌లో నూనె ఛాంబర్లోకి దిగిపోయే దారి మడ్డితో పూడిపోలేదు కదా. మూడోది, మర చుట్టూ ఉన్న సందు అన్నివైపులా సమానంగా ఉందా, సందు కొలిచే పల్చటి ఫీలర్ రేకుతో చూడండి. మెయిన్ బేరింగులు అరిగితే క్రాంక్ కిందికి దిగి, పైన సందు పెరుగుతుంది. మర తీసేసి రబ్బరు సీలు వేసుకునే కిట్లు విదేశాల్లో అమ్ముతున్నారు. క్రాంక్‌ని ఎంతో కచ్చితంగా కోయాలి, కోశాక వెనక్కి రావడం లేదు. నేనైతే వేయను.

వెనక ఇంజన్ ప్లేటు కింద ప్యాకింగ్ కొత్తదేనా అనేది కూడా ఇప్పుడే చూసుకోండి. అక్కడ కారినా మెయిన్ మీదే నింద పడుతుంది. క్లచ్ హౌసింగ్ అడుగున చిన్న రంధ్రం ఉంటుంది, దాన్ని మూసేయమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. ఆ నూనె కిందికి పోకపోతే క్లచ్ ప్లేటు మీదికి పోతుంది.

ఎడమపక్క, మానిఫోల్డ్ కింద ఉండే రెండు ట్యాపెట్ ఛాంబర్ కవర్లు ఇంజన్ బయట ఉండగానే చేసుకోవాలి, ఎక్కించాక చెయ్యి దూరదు. ఒక్కోటి మధ్యలో ఒక్క బోల్టుతో నిలబడుతుంది. గట్టిగా బిగిస్తే మధ్యలో సొట్టపడి అంచులు లేస్తాయి. కార్కుని కవర్‌కి అంటించి ఆరనిచ్చి, బ్లాకు వైపు పల్చగా గ్రీజు రాసి, బోల్టు కింద వాషర్ కొత్తది వేసి, కార్కు కాస్త నలిగేదాకా తిప్పి వదిలేయండి. పైన కవర్‌కీ ఇదే. కార్కు రెండువైపులా తడి సిలికాన్ పూస్తే, బిగిస్తున్నప్పుడు అదే జారుడై కార్కు లోపలికో బయటికో జరిగిపోతుంది. మీరు పంపిన ఫోటోలో బయటికి నాలుకలా వేలాడుతున్నది అదే.

ఆయిల్ ఫిల్టర్ గిన్నె రకమే కదా. ఆ గిన్నె కూర్చునే గాడిలో పాత రబ్బరు రింగు నల్లగా గట్టిపడి, ఇనుములో కలిసిపోయినట్టు కనపడుతుంది. దాన్ని తీయకుండా మీద కొత్తది వేస్తారు. ప్రెషర్ రాగానే చిమ్ముతుంది. సూదితో పొడిచి తీయండి. రాగి వాషర్లు కొత్తవి దొరక్కపోతే పాతవాటిని ఎర్రగా కాల్చి నీళ్ళలో వేయండి, రాగి మళ్ళీ మెత్తబడుతుంది. డ్రెయిన్ ప్లగ్గుకీ, నూనె గొట్టాల చివర ఉండే బ్యాంజో బోల్టులకీ అవి చాలు.

ఇప్పుడు గమ్ము. కొత్తగా షాపు పెట్టిన రోజుల్లో ఒక డాక్టరుగారి అంబాసిడర్‌కి ఛాంబర్ నేనే బిగించాను. కారకూడదన్న పట్టుదలతో రెండువైపులా సిలికాన్ గట్టు పోశాను. బయట అందంగా తుడిచేశాను. లోపల ఏమైందో నాకు కనపడలేదు. నెల తర్వాత కుటుంబంతో అరకు వెళుతూ అనంతగిరి ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే ఆయిల్ ప్రెషర్ ముల్లు పడిపోయింది. బండి లాక్కొచ్చి ఛాంబర్ దింపితే, ఆయిల్ పంపు జల్లెడకి తెల్లటి సిలికాన్ పోగులు, ఉడికిన సేమ్యా అతుక్కున్నట్టు. లోపలికి నలిగిన గమ్ము వేడికి ఊడి అక్కడికి చేరింది. పిస్టన్ రాడ్లు క్రాంక్‌ని పట్టే చోట ఉండే బిగ్ ఎండ్ బేరింగులు పైపూత అరిగి రాగి తేలిపోయాయి. నా డబ్బుతో వేసిచ్చాను. ఘాట్ మలుపులో పిల్లలతో ఆగిపోయిన ఆ మనిషి నన్నొక్క మాట కూడా అనలేదు, అది ఇప్పటికీ గుర్తొస్తుంది. బయట ఎంత గమ్ము కనిపిస్తోందో, లోపల కూడా అంతే ఉంటుంది. ఈ సంగతి మీ ఇంజన్ బిగించే కుర్రాడికి చెప్పండి.

కాబట్టి సిలికాన్ ఆ నాలుగు మూలలకీ, తాళం గాడికీ, అంతే. పూసిన పది నిమిషాల్లోపు బిగించి, ఒక రోజంతా ఆరాకే నూనె పోయండి. కాగితం ప్యాకింగులకి గట్టిపడని కాంపౌండ్ పల్చగా, లేదా ఉత్త గ్రీజు. క్రాంక్‌కేస్‌లోకి తెరుచుకునే బోల్టుల మరలకి ఒక చుక్క మర గమ్ము. బ్రాండు ఏదైనా ఫరవాలేదు, ట్యూబు మీద తేదీ చూసుకోండి.

నూనె 20డబ్ల్యూ50 మినరల్ పోయండి. పల్చటి సింథటిక్ 5డబ్ల్యూ30 పోస్తే వెనక మర దాన్ని ఆపలేదు, మన ఎండలకి ఆ పల్చదనం అవసరమూ లేదు. కొలపుల్ల పై గీత దాటనివ్వకండి. స్పార్క్ ప్లగ్గులు తీసి, ప్రెషర్ ముల్లు లేచేదాకా స్టార్టర్‌తో తిప్పి, టార్చి వేసి చుట్టూ చూశాక స్టార్ట్ చేయండి. బాగా వేడెక్కాక ఆపి, ఇంజన్ అంతా తుడిచి ఆరబెట్టి, అనుమానం ఉన్న చోట్ల సుద్దపొడి పల్చగా చల్లి, హనుమంతవాక దాకా వెళ్ళిరండి. పొడి ఎక్కడ మొదట నల్లబడిందో లీకు అక్కడే. బండి నడుస్తుంటే గాలికి నూనె వెనక్కి, కిందికి పాకుతుంది, కాబట్టి తడి ఉన్న చోట్లలో అన్నిటికన్నా పైన, అన్నిటికన్నా ముందు ఉన్నదాన్నే నమ్మండి.

రాత్రికి కింద ఒక పెద్ద అట్ట పరిచి, ముందు టైర్ల వరసలో దానిమీద గీత గీసి పెట్టండి. ఇంకా చుక్కలు పడితే ఆ గీతకి ఎన్ని అంగుళాలు వెనక పడ్డాయో, బండి ముక్కు ఎటు వాలి ఉందో రాయండి. పాలిథిన్ సంచి ఎంత ఉబ్బిందో కూడా రాస్తే, ఎక్కడ చూడాలో ఇక్కణ్ణుంచే చెబుతాను.